అత్త వచ్చి పోయేదాకా

అలిపిరి దారిలో ఉన్న ఆ నర్సింగ్ హోమ్‌లో నాయనను చేర్చిన రోజే డాక్టరు చెప్పేశారు, జబ్బు ఇక నయం కాదని, నొప్పి తెలియకుండా చూసుకోవడమే మిగిలిన వైద్యమని. ఆ పని మార్ఫిన్ సిరప్ చేసేది. "నొప్పి వచ్చినాక కాదక్కా, రాకముందే తాపాల," అని నర్సు నాకు ఒకటికి రెండుసార్లు చెప్పింది. వేళకు తాపితే నాయన ముఖం తేటపడేది, కాసేపటికి నిద్రపోయేవాడు. వేళ తప్పితే నొప్పికంటే ముందు భయం పట్టుకునేది. నా చెయ్యి వదిలేవాడు కాదు.

గూడూరు నుంచి మేనత్త చూడడానికి వస్తానని ఫోన్ చేసింది. నాయనకు ఒక్కగానొక్క చెల్లెలు, నోరు కాస్త పెద్దది. "మా అన్నకు మత్తుమందు పోసి పడేసినారంట కదా మే!" అని ఫోన్‌లోనే మొదలుపెట్టింది. పెద్దాసుపత్రికి తీసుకుపోలేదని అప్పటికే చుట్టాల నోళ్ళలో బాగా నానుతున్నాను. నాకు రోషం వచ్చింది. నాయన లేచి కూర్చుని నాలుగు మాటలు మాట్లాడితేగానీ వీళ్ళ నోళ్ళు మూతపడవనుకున్నాను. మధ్యాహ్నం నర్సు సిరప్ తెస్తే, "అత్త వచ్చి పోయినాక తాపుదాం," అన్నాను. ఆమె నాయన వైపు చూసింది. నాయన నా ముఖం చూసి, సరేనన్నట్టు తల ఊపాడు.

అత్త ఎక్కిన రైలు ఆలస్యమైంది. ఆమె వచ్చేసరికి నాయన నుదుటి నిండా చెమట. అయినా దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. "అన్నం తినే వచ్చినావా? నిమ్మతోట ఎట్లుండాది?" అని అడిగాడు. కోడలి కాన్పు గురించి కూడా అడిగాడు. దుప్పటి కింద ఆయన పిడికిలి బిగుసుకోవడం నాకు కనిపిస్తూనే ఉంది. నర్సు సిరప్‌తో మళ్ళీ తలుపు దగ్గరికి వచ్చింది. కాసేపాగమని చేత్తోనే సైగ చేశాను. ఆ సైగ గుర్తొస్తే నా చెయ్యంటే నాకే అసహ్యం వేస్తుంది.

అత్త కళ్ళు తుడుచుకుని లేచింది. "నిన్ను ఊరికే ఆడిపోసుకుంటిమి మే. మా అన్న బాగుండాడు," అని వాకిట్లో నా గడ్డం పట్టుకుంది. ఆమెను ఆటో ఎక్కించి, గెలిచినంత సంబరంగా లోపలికి వచ్చాను.

నాయన తలుపు వైపే చూస్తున్నాడు.

"మీ అత్త పోయిందా పాపా?"

"పోయింది నాయనా."

"అయితే ఇంక అరుచుకోవచ్చా?"