అమ్మ అందుకున్న ఇటలీ పాఠం

రజాకార్ల భయానికి మా కోదాడ మిషన్ బోర్డింగు గేటుకు ఎప్పుడూ తాళమే. ఆ గేటు దాటి నడిగూడెంలో అమ్మ దగ్గరికి పోవాలని నేను ఏడుస్తుంటే, బోర్డింగు సిస్టర్లు సముద్రం దాటిస్తామన్నారు! ఇటలీ భాష బాగా పలికిన పిల్లను సిస్టరుగా తయారుచేయడానికి ఆ దేశం పంపుతారట. వద్దంటే దేవుడికే వద్దన్నట్టట. నాకప్పుడు పద్నాలుగేళ్ళు.

ఇటలీ నుంచి వచ్చిన సిస్టరమ్మ ఒక్కో క్రియనూ ముక్కలు చేయించేది. ముక్కకొకసారి అరచేత్తో గచ్చు మీద కొట్టాలి. పార్-తి-రో, అంటే వెళ్తాను. మన రాతలో 'ర్' తర్వాతి అక్షరానికి అంటుకుంటుంది కదా, నా నోరు 'పా-ర్తి' అనేది. "నో, నో! 'ర్' ముందు ముక్కకి!" అని ఆమె అరిచేది. చివరి 'రో'ను నొక్కి పలకాలి. పార్-తి-రాయ్, వెళ్తావు. పార్-తి-రా, వెళ్తుంది. నెల గడిచేసరికి నోరు తిరిగింది. అదే నా కొంప ముంచింది.

పరీక్షలో కావాలని తప్పు పలికితే పీడ విరగడవుతుందనుకున్నాను. ఎంత తెలివిగలదాన్నో!

ముందురోజు అమ్మ నడిచి వచ్చింది. సాయంత్రం వరండాలో సిస్టరమ్మ నాచేత వల్లె వేయిస్తుంటే గోడకానుకుని వింది. ఇటలీ సంగతి అమ్మకు చెప్పలేదు. ఎలాగూ తప్పుతాను, ఉత్తపుణ్యానికి ఏడిపించడమెందుకని. పరీక్ష తప్పితే నన్ను బోర్డింగులోంచి తీసేస్తారని, రెండు పూటల అన్నం పోతుందని అమ్మ తనంతట తానే భయపడుతోంది. కాదని చెప్పాల్సింది.

మా ఊరి నాట్లలో పాట ఎత్తుకునేది అమ్మే. అక్షరం రాదు కానీ ఒక్కసారి వింటే పట్టేసేది. వరుసలో ఎవరైనా మాట మరిచి ఆగితే తనే అందుకునేది. ఆమె అందుకున్నాక ఆగిన మనిషి గొంతు కలపాల్సిందే.

మర్నాడు పెద్ద మదర్ ముందు నిలబడి "పా-ర్తి-ర" అని నసిగి, తల గోక్కుంటూ ఆగిపోయాను.

వెనక నేల మీద కూర్చున్న అమ్మ అందుకుంది. "పార్-తి-రో! పార్-తి-రాయ్! పార్-తి-రా!" ఒక్క తప్పు లేదు. ఏది నొక్కాలో అదే నొక్కింది. "ఆగినవేందే బిడ్డా, నిన్న సక్కగ సెప్పినవ్ గద. అందుకో!"

నాకు ఒళ్ళు మండిపోయింది. వెనక్కి తిరిగితే ఆమె నా నోటికేసే చూస్తూ అరచేత్తో గచ్చు మీద కొడుతోంది. ఇక నోరు నా మాట వినలేదు. పార్-తి-రే-మో, వెళ్తాం. పార్-తి-రే-తే, వెళ్తారు. పార్-తి-రాన్-నో, వాళ్ళు వెళ్తారు. అన్నీ వరుసగా వచ్చేశాయి. పెద్ద మదర్ నవ్వి నా పేరు రాసుకుంది.

బయటికొచ్చాక అమ్మ నా రెండు చెంపలూ నిమిరింది.

"ఇగ నిన్ను ఈడికెల్లి పంపియ్యరు గద బిడ్డా?"

"పంపరమ్మా" అన్నాను.