ఆ సుఖం కాదు

అరవై ఎనిమిది నాటి సంగతి. పిల్లలు కలగలేదని విజయనగరంలో లేడీ డాక్టరుకి చూపించుకుని రైల్లో తిరిగొస్తున్నాను. ఎదురుగా ఖాళీ చేపల తట్టతో కళింగపట్నం మనిషి కూర్చుంది.

నేనెక్కడికెళ్ళొస్తున్నానో మాటల్లో చెబితే, "డాక్టరమ్మ ఏటన్నాదమ్మా?" అంది.

"మీ ఆయనతో సుఖం ఉందా అని అడిగారు. తిండికీ బట్టకీ లోటు లేదండీ అన్నాను."

ఆమె పగలబడి నవ్వి, నా వైపు వంగింది. "ఆ సుకం కాదే పిచ్చితల్లీ! పక్కలో నీ ఒంటికి బాగుంటాదా అని."

"ఆడవాళ్ళకి కూడా ఉంటుందా?"

"ఎందుకుండదు? నాకున్నాది," అంది, చేపలు ఎక్కడ ఎండబెడుతుందో చెప్పినంత మామూలుగా.

ఆమదాలవలసలో దిగేదాకా ఆమెనే చూస్తూ కూర్చున్నాను.

మరుసటి నెల డాక్టరమ్మ మందుచీటీ రాయబోతుంటే, "పోయినసారి మీరడిగినదానికి తప్పు చెప్పానండీ," అన్నాను.

ఆవిడ కలానికి మూత పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కుంది.