కంపెనీ పెయింట్

మా ఆయన చేసిన పని ఏదైనా చూపించమని అడిగితే నేను చూపించలేను. పెళ్లికి ముందు నుంచీ ఆయన కార్లకు రంగు వేస్తున్నారు. మా వీధిలో తిరిగే బళ్లలో ఎన్నింటి మీదో ఆయన చెయ్యి పడే ఉంటుంది. ఏ బండి, ఏ తలుపు, అంటే మాత్రం ఆయనే చెప్పలేరు. చెప్పగలిగితే ఆ పని చెడిందన్నమాట.

గుద్దుకున్న బళ్లని చవగ్గా కొని, బాగుచేసి అమ్మడం వాళ్ల గ్యారేజీ యజమాని వ్యాపారం. సొట్ట తీసేవాడు సొట్ట తీసి వదిలేస్తాడు. ఆ తర్వాతదంతా మా ఆయనే. పుట్టీ పెట్టాలి, వాటర్ పేపర్‌తో రుద్దాలి, ప్రైమర్ కొట్టాలి, పక్క తలుపు రంగుకి సరిపడా రంగు కలపాలి. తెలుపంటే మీకూ నాకూ ఒకటే తెలుపు. ఆయనకి ఎండలో నిలబడ్డ బండి తెలుపు వేరు, షెడ్డులో పడుకున్న బండి తెలుపు వేరు. ఆ తేడా కోసం పూటంతా డబ్బాల ముందు గొంతుక్కూర్చుంటారు. అంతా అయ్యాక యజమాని వచ్చి, తలుపు మీద అరచెయ్యి ఆనించి, తల పక్కకి వంచి చూసి, ఒకే మాట అంటాడు: "కంపెనీ పెయింట్."

అంటే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రంగు ఇంకా చెక్కుచెదరలేదని, మధ్యలో ఎవడూ చెయ్యి పెట్టలేదని. అక్కడ దానికి మించిన మెచ్చుకోలు లేదు.

ఆ మాట మా ఇంట్లోకీ వచ్చేసింది. మా అమ్మాయి పుట్టినప్పుడు గ్యారేజీ వాళ్లంతా చూడ్డానికొచ్చి, "ఒక్క గీత లేదు, కంపెనీ పెయింటే" అన్నారు. నేను దుప్పటి ముడత లేకుండా పరిస్తే కంపెనీ పెయింట్. అమ్మాయి చేతిరాత కంపెనీ పెయింట్. కోపమొస్తే కూడా అదే: "నీ నోటికేం, కంపెనీ పెయింటు, ఇన్నేళ్లయినా అరగలేదు" అంటారు.

ఇంత మెచ్చుకునే యజమాని ఒక షరతు పెట్టాడు. కొనేవాళ్లు వచ్చారంటే ఈయన కనబడకూడదు. గోళ్ల సందుల్లో రంగు, చొక్కా మీద రంగు. ఆ వేషంతో బండి పక్కన నిలబడితే "ఎవరు బాబూ ఇతను?" అని అడుగుతారు కదా. అందుకని గేటు దగ్గర మంచి బట్టల మనిషి కనబడగానే మా ఆయన లేచి, చేతులు తుడుచుకుని, రేకు తలుపు వెనకాల గదిలోకి వెళ్లిపోవాలి. లోపల కూర్చుని, బయట వాళ్లు "గీత కూడా పడలేదండీ!" అని మురిసిపోవడం వినాలి. ఆయన నోట్లో నాలుక లేని మనిషి, వింటారు. నేనైతే ఒకరోజు కూడా ఆగలేను.

ఆయనకి బొమ్మలకి రంగులేసే పిచ్చి కూడా గ్యారేజీలోనే పట్టుకుంది. ఒక పాత బండి సీటు కింద బొటనవేలంత ప్లాస్టిక్ సైనికుడు దొరికాడు. డాలు విరిగి, రంగు పెచ్చులూడి ఉన్నాడు. భోజనాల వేళ మిగిలిన రంగుతో దాన్ని బాగుచేసి ఇంటికి తెచ్చారు. ఎక్కడిదని విచారిస్తే, బజారు చివర దుకాణంలో అలాంటివి పెట్టెల లెక్కన అమ్ముతారని తెలిసింది. బల్ల మీద అట్టతో కొండలూ గోడలూ పేర్చి, రెండు పక్కలా ఈ సైన్యాల్ని నిలబెట్టి, పాచికలు వేస్తూ యుద్ధం చేస్తారట. చేసేది చిన్నపిల్లలనుకునేరు, గడ్డాలొచ్చిన మగాళ్లు. దుకాణం వాడు దగ్గరుండి ఆడిస్తాడు. నేను వాడికి సేనాపతి అని పేరు పెట్టాను.

మా ఆయన ఆ యుద్ధం ఎన్నడూ ఆడలేదు. ఆయనకి రంగే కావాలి. సాయంత్రం ఇంటికి రాగానే వంటింటి బల్ల ఆయనది. బొమ్మని సీసా మూతకి అంటించి, మా అమ్మాయి చదువుకునే దీపం ముందు పెట్టుకుని, నాలుగు వెంట్రుకల బ్రష్‌తో కూర్చునేవారు. బ్రష్ కడిగే నీళ్ల గ్లాసు ఒక పక్క, నేనిచ్చిన టీ గ్లాసు ఇంకో పక్క. బ్రష్ టీలో ముంచడం, ఆ నీళ్లు తాగడం మామూలే. ఒకసారి ఆకుపచ్చ పెదాలతో భోజనానికి కూర్చున్నారు. "మీకు వేరే తిండి దండగ" అన్నాను. మందుల దుకాణంలో పొద్దుట్నుంచీ నిలబడి వచ్చిన దాన్ని, కూరలు ఒళ్లో పెట్టుకుని తరుగుతుంటే నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు మా అమ్మాయి సెల్‌ఫోన్ చూస్తూ చెప్పింది, దుకాణంలో పోటీ పెట్టారని. వేరువేరు పెట్టెల్లో మిగిలిపోయిన, పారేసిన బొమ్మల్ని ఏరుకుని, ఒక జాతికి ఒకటి చొప్పున పన్నెండు, వేసవి అయ్యేలోగా రంగులు వేసి తేవాలి. గుర్రపు రౌతు ఒకడు, మరుగుజ్జు ఒకడు, అస్థిపంజరం ఒకటి, బల్లిమొహం వాడు ఒకడు, గరిటె పట్టిన లావుపాటి సైన్యం వంటవాడు ఒకడు. "కలగూరగంప పోటీ అనరాదూ" అన్నాను నేను.

"గెలిచినవాళ్ల బొమ్మల్ని ఏడాది పాటు అద్దాల బీరువాలో పెడతారట నాన్నా. కింద చీటీ మీద రంగులు వేసినవారు అని పేరు రాస్తారట" అంది అమ్మాయి.

ఆయన బ్రష్ కింద పెట్టేశారు. "పేరా? ఎవరి పేరు?"

"ఎవరు వేస్తే వాళ్లది."

ఆ రాత్రి అన్నం తింటూ తింటూ, నావైపు చూడకుండా, "వీధిలోకి కనబడుతుందే ఆ బీరువా" అన్నారు. అప్పుడు అర్థమైంది నాకు. ఆ మనిషికి కావలసింది బహుమతి కాదు. ఇది నేను చేశాను అని ఒక్కటంటే ఒక్క వస్తువు నలుగురి ముందూ నిలబడాలి. అంతే. ఆ రోజు నుంచి బల్ల గురించి గొడవ మానేశాను.

కార్లకి చేసినట్టే చేశారు అన్నీ. అచ్చులో పోసినప్పుడు మిగిలే అతుకుల గీతలు అరగదీశారు. వాళ్లూ వీళ్లూ పారేసిన బొమ్మలు కాబట్టి విరిగినచోట పుట్టీ పెట్టారు. పాలమీగడకన్నా పలచగా పూత మీద పూత వేశారు. అన్నిటికన్నా జెండా మోసే ముసలి సైనికుడంటే ఆయనకి ప్రాణం. నీలం కోటు వాడు. ఆ కోటు భుజాల మీద ఎండకి వెలిసినట్టూ, చంకల కింద కొత్తగా ఉన్నట్టూ రావాలని ఎన్నిసార్లు చెరిపి వేశారో! వీధిలో ఏళ్ల తరబడి నిలబెట్టిన బళ్లు అలాగే వెలుస్తాయట.

"నాన్నా, రంగు వేయకముందు ఫోటో తీసి పెట్టుకుంటే మంచిదని రాశారు. తప్పనిసరి కాదు, తీస్తే మంచిదట" అంది అమ్మాయి.

"దెబ్బ తగిలిన మొహాన్ని ఎవరైనా ఫోటో తీస్తారా? మా దగ్గర ఆ పని చేస్తే ఉద్యోగం ఊడుతుంది" అని నవ్వేశారు. గ్యారేజీలో మొదటి నియమం అది. పాతరూపు ఎక్కడా మిగలకూడదు. ఆ అలవాటు వంటింట్లోకి కూడా వచ్చింది.

పోటీ రోజు మధ్యాహ్నం నేనూ వెళ్లాను. అమ్మాయికి క్లాసు ఉండి రాలేదు. ఆయన గోళ్లు సబ్బుతో, కిరసనాయిలుతో, మళ్లీ సబ్బుతో కడుక్కుని, ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. బొమ్మల పెట్టె బస్సులో ఒళ్లో పెట్టుకుని, గతుకు వచ్చినప్పుడల్లా పైకెత్తి పట్టుకున్నారు. దుకాణం కిటికీలో ఆ బీరువా కొత్త దీపాలతో వెలిగిపోతోంది, ఖాళీగా.

పొడుగుబల్ల మీద అందరూ తెచ్చినవి వరసగా పెట్టారు. నాకు ఆ విద్య తెలియదు, కానీ కళ్లున్నాయి. ఒకాయన బొమ్మలకి రంగు అట్టలు కట్టింది. ఇంకొకాయన గుర్రానికి రెండు కళ్లూ రెండు దిక్కులు చూస్తున్నాయి. మా ఆయన పన్నెండూ నిలబడితే చుట్టూ ఉన్నవాళ్లు దగ్గరికొచ్చి వంగి చూశారు. నా గుండె పొంగింది. దాచుకోను, పొంగింది.

తీర్పు చెప్పడానికి బయటి నుంచి ఒక పెద్దమనిషిని పిలిపించారు. ఆయన జేబులోంచి భూతద్దం తీసి ముసలి సైనికుణ్ణి తిప్పి తిప్పి చూశాడు. బాగా సేపు చూశాడు. తర్వాత భూతద్దం మడిచి, సేనాపతితో, మేమక్కడ లేనట్టే అన్నాడు: "ఇవి పోటీకి పనికిరావండీ. రంగు వేసే అమ్ముతారు ఇలాంటివి. ఒక్క బ్రష్ జాడ లేదు చూడండి. ఇది కంపెనీ పెయింటు."

మా ఆయన మొహం అప్పుడు చూడాలి. మొదట నవ్వు వచ్చింది. ఆ మాటకి నవ్వడమే అలవాటు పాపం. తర్వాత అర్థమైంది.

"నేనే వేశానండీ" అన్నారు.

"ముందు తీసిన ఫోటోలున్నాయా?"

"లేవండీ."

నేను ఊరుకోలేకపోయాను. "నా వంటింటి బల్ల మీద వేశారండీ. నా కళ్ల ముందు వేశారు. ఆ బల్లకి ఇంకా నీలం మరకలున్నాయి, వచ్చి చూడండి" అన్నాను.

పెద్దమనిషి నవ్వాడు. "ఆయన కోసం మీరు ఆ మాట అనకపోతే ఎవరంటారమ్మా" అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడో! ఆ మర్యాదకి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

నేను మళ్లీ నోరు తెరిచేలోగా మా ఆయన ముసలి సైనికుణ్ణి చేతిలోకి తీసుకున్నారు. జేబులోంచి చిన్న బ్లేడు తీశారు, గ్యారేజీలో టేపు కోసేది. బండి కొనేవాళ్లలో తెలివైనవాడు ఎవడైనా వస్తే, తలుపు మూల గోరుతో గీకి చూస్తాడు, కింద పుట్టీ ఉందేమోనని. రేకు తలుపు వెనకాల కూర్చుని ఈయన ఇన్నేళ్లూ భయపడింది ఆ ఒక్క గీతకే. అలాంటిది, తన చేత్తో తనే, ఎండకి వెలిసిన ఆ భుజం మీద నుంచి మోచేతి దాకా ఒక్క గీటు గీశారు.

నీలం లేచింది. దాని కింద లేతనీలం, దాని కింద బూడిదరంగు ప్రైమరు, అన్నిటికన్నా కింద, విరిగిన భుజం దగ్గర, పచ్చటి పుట్టీ.

"కంపెనీ వాడు పుట్టీ పెట్టడండీ" అన్నారు.

పెద్దమనిషి మళ్లీ భూతద్దం తీశాడు. ఈసారి తొందరగానే చూశాడు. "నిజమే. చేత్తో వేసిందే. పొరపాటు నాదే, ఒప్పుకుంటున్నాను" అన్నాడు. వాళ్లిద్దరూ పక్కకెళ్లి గుసగుసలాడుకున్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన చెయ్యి పట్టుకున్నాను.

సేనాపతి ఒక్కడే తిరిగొచ్చాడు. "మీ పని అద్భుతం సార్. కానీ పన్నెండూ కలిపి ఒక సెట్టు కదా. ఇప్పుడు ఒకటి పాడైంది. పాడైనదాన్ని బీరువాలో ఎలా పెడతాం? మీరే చెప్పండి. వచ్చే ఏడాది తప్పకుండా రండి." చేతిలో ఒక కొత్త బ్రష్ పెట్టి, చేతులు దులుపుకున్నాడు. రెండు దిక్కులు చూసే గుర్రాన్ని బీరువాలోకి ఎక్కించారు. దాని కింద చక్కటి అక్షరాలతో చీటీ పెట్టారు.

బస్సులో ఈసారి గతుకులకి ఆయన పెట్టె ఎత్తలేదు. నేను తిట్టాను, వాళ్లనీ, భూతద్దాన్నీ, ఆఖరికి ఈయన్నీ. "ఎవరు గీయమన్నారు మిమ్మల్ని?"

"గీయకపోతే కొన్నానంటారు. గీస్తే పాడైందంటారు. వదిలెయ్యవే" అన్నారు.

వదిలెయ్యడం నా వల్ల కాలేదు. మర్నాడు మందుల దుకాణంలో ఒకావిడకి చిల్లర ఇస్తూ కూడా మనసులో సేనాపతిని కడిగేస్తూనే ఉన్నాను. ఇంటికొచ్చేసరికి ఆయన అప్పటికే బల్ల దగ్గరున్నారు. బ్రష్ కడిగేసి ఉంది. తాగని టీ గ్లాసు అలాగే ఉంది. పన్నెండు బొమ్మలూ దీపం ముందు వరసగా ఉన్నాయి.

"ఇలా రా. ఏం కనబడుతోందో చెప్పు" అన్నారు.

ముసలి సైనికుణ్ణి చేతిలోకి తీసుకుని దీపం కిందికి వంచాను. నిన్న గీత చూసిన కళ్లే ఇవి. భుజం వెతికాను, మోచెయ్యి వెతికాను, అటు తిప్పి ఇటు తిప్పి వేలితో తడిమాను. ఎండకి వెలిసిన నీలం కోటు, అంతే. గీత లేదు. గీత ఉండేదన్న గుర్తు కూడా లేదు. ఆశ్చర్యంతో నోరు తెరిచాను. ఇన్నేళ్లుగా దుప్పట్లకీ దస్తూరీలకీ వాడిన మాట, నా ప్రమేయం లేకుండా జారిపోయింది.

"అబ్బ! కంపెనీ పెయింటేనండీ!"

అన్నాక విన్నాను నేనేమన్నానో.

ఆయన బొమ్మని నా చేతిలోంచి తీసుకుని వరసలో పెట్టారు. గుడ్డతో చేతులు తుడుచుకుని, బయట ఎవరో బండి కొనడానికి వచ్చినట్టు, లేచి లోపలి గదిలోకి వెళ్లిపోయారు.