లారీ మీద నేర్చుకున్న వాచికం

మా చిన్నప్పుడు... సాలూరులో మాకు స్టేజీ అంటే మా మావ లారీయే! ఆదివారం పూట బండి ఖాళీగా ఉంటే చాలు, పక్క చెక్కలు దింపేసేవాడు. తొమ్మిదో తరగతి ఆడపిల్లలం ఆరుగురం గబగబా ఎక్కేసేవాళ్లం.

కింద నిలబడి మా తెలుగు టీచరు పైడితల్లి గారు నాటకం నేర్పేవారు. "క్యూ అంటే ఎదుటి పాత్ర సెప్పే ఆకరి మాట. అది సెవిన పడ్డాకే నువ్వు నోరిప్పాల."

ఒళ్లు కదిపితే ఆంగికం, మాట పలికితే వాచికం, వేషం కడితే ఆహార్యం, మనసులోది కళ్లలోకి వస్తే సాత్వికం... ఎక్కాల్లా వల్లించేవాళ్లం.

కాలవ నీళ్ల కోసం అధికారిని నిలదీసే ముసలమ్మ వేషం నాది. నాదేమో పిల్లి గొంతు! చుట్టూ లారీ ఇంజన్లు, హారన్లు, పక్క మెకానిక్ షెడ్లో సుత్తి దెబ్బలు... టీచరు వీధి ఆ చివరకెళ్లి నిలబడేవారు.

"ఒసే, ఏటే ఆ గొంతు? ఇక్కడికి ఇనపడనేదు! అరవకు... కడుపులోంచి తియ్యి."

"ఆ ఇంజను ఆపమనండి టీచర్..." ఏడుపొచ్చేసింది నాకు.

"ఆపరు. నీ మాటే దాన్ని దాటాల."

రెండు నెలలు అలాగే సాగింది... గొంతు బొంగురుపోయేది, అమ్మ మిరియాల పాలు పట్టేది.

విజయనగరంలో బడుల నాటక పోటీల రోజు... మా వంతు రాగానే కరెంటు పోయింది. మైకు మూగబోయింది. హాలంతా గోల.

"కరెంటు వచ్చేదాకా ఆగితే మీకు టైము మిగలదమ్మా. మానుకుంటారా?" అన్నాడు నిర్వాహకుడు.

టీచరు మా మొహాల్లోకి చూశారు. నా నోటి నుంచే వచ్చింది... "ఆడతాం సార్!"

తెర లేచింది. నేను తెర పక్కన చీర కుచ్చెళ్లు గట్టిగా పట్టుకుని చెవులు రిక్కించాను. రైతు వేషంలో ఉన్న మా గౌరి నా క్యూ అందించింది. "ఈ ఊళ్లో అడిగేవోల్లెవరూ నేరా?"

నడుం వంచి నడిచాను. "నానున్నాను బాబూ! మా సేనుకి నీళ్లేవి?"

గోల ఆగిపోయింది... అంతమంది ఒక్కసారిగా నా వైపు తిరిగారు! ఆఖరి వరుస వెనక, తలుపు దగ్గర నిలబడ్డ మావ రెండు చేతులూ పైకెత్తి ఊపాడు. వినబడిందన్నమాట! ఆ తర్వాత నాకు భయమన్నదే లేదు.

మొదటి బహుమతి మాదే. ఉత్తమ నటి కప్పు నాది! "యాస మార్చకుండా ఆడింది, అదే నచ్చింది" అన్నారు న్యాయనిర్ణేత. కప్పులు పట్టుకుని సాలూరు దాకా లారీలో నిలబడే వచ్చాం... దారి పొడవునా కేకలే కేకలు!

ఇప్పుడు బడి వార్షికోత్సవాల్లో మాటలు ముందే రికార్డు చేసి వినిపిస్తున్నారు. పిల్లలు పెదాలు కదుపుతారు... ముద్దుగానే ఉంటుంది. కానీ ఏ పిల్ల గొంతు ఎలా ఉంటుందో తెలియకుండానే ఇంటికొచ్చేస్తాం.

మీరు మొదటిసారి స్టేజీ ఎక్కినప్పుడు మీ నోట వచ్చిన మొదటి మాట గుర్తుందా? చెప్పండి... గట్టిగా చెప్పండి!