పెంట మీద వెయ్యని పిల్ల

నా కడుపున పుట్టినవాళ్లలో మొదటివాడు గోడ పట్టుకుని నడిచే వయసులో జ్వరంతో పోయాడు. అప్పటికి మేము పాత పద్ధతిలోనే ఉన్నాం. అమ్మవారికి కోడిని కోశాం, గుమ్మానికి వేపమండలు కట్టాం, మా అత్త ఒంటిపూట తిని మొక్కుకుంది. రెండోది ఆడపిల్ల. అది పుట్టేనాటికి మేము ప్రభువుని నమ్ముకున్నాం. దానికి వాంతులు, భేదులు పట్టుకుంటే సంఘం చూసుకునే ఉపదేశి గారు వచ్చి మోకాళ్ల మీద ఉండి ప్రార్థన చేశారు. పల్లెలో నమ్ముకున్నవాళ్లందరూ వచ్చి చేశారు. పొద్దున్న పట్టుకుంది, దీపాలు పెట్టే వేళకి పోయింది. వాడికి కోడిని కోశాం, దానికి ప్రార్థన చేశాం, ఇద్దరూ పోయారు. ఈ మాట నేను కోపంతో రాయడం లేదు. అప్పుడు కూడా నాకు కోపం రాలేదు. ఏమీ రాలేదు.

మాది కొత్తపేటకి దిగువన, కొబ్బరితోటల వెనకాల ఉన్న పల్లె. మా ఆయన కామందు గారి దగ్గర పాలేరుతనం చేసేవారు. ఆనకట్ట కట్టాక ఎక్కడ చూసినా కాలవలు తవ్వుతున్నారు, చేలో పని లేనప్పుడు ఆ తవ్వకాలకి వెళ్లేవారు. పిల్ల పోయినప్పుడు గొయ్యి తవ్వింది కూడా ఆయనే. అంత చిన్న గొయ్యికి ఆయన చేతులకి పనే లేకపోయింది. నాలుగు పోట్లు వేసి ఆగిపోయి, ఇంకా తవ్వాలా అన్నట్టు నా వైపు చూశారు.

మర్నాడే నేను రోలు దగ్గర నిలబడ్డాను. కూలికి వచ్చిన వడ్లు ఉన్నాయి, దంచకపోతే ఆ పూటకి కూడు లేదు. రోకలి ఎత్తడం, దించడం. పాలు చేపుకొస్తే గోడ వారకి వెళ్లి పిండేసి, మళ్లీ వచ్చి దంచేదాన్ని. ఆడవాళ్లు చుట్టూ చేరి, ‘ఏడవ్వే తల్లీ, ఏడిస్తే బరువు దిగుద్ది’ అనేవారు. ఒకామె నాకు ఏడుపు రావాలని నా ఎదురుగా కూర్చుని తనే ఏడ్చింది. ఆమె ఏడుపు అయ్యేదాకా కూర్చుని, మంచినీళ్లిచ్చి పంపాను.

మా వైపు ఒక ఆచారం ఉండేది. ఇప్పటి పిల్లలకి తెలియదు కనక చెబుతాను. వరసగా బిడ్డలు పోయిన తల్లికి మళ్లీ బిడ్డ పుడితే, ఆ బిడ్డని చేటలో వేసి పెంటకుప్ప మీద పెట్టేవారు. పక్కింటామె ఏమీ ఎరగనట్టు అటు వచ్చి, ఎవరో పారేసిన పిల్ల అని ఎత్తుకునేది. తల్లి వెళ్లి ఇన్ని తవుడిచ్చి ఆమె దగ్గర బిడ్డని కొనుక్కునేది. ఆ పైన బిడ్డకి పెంట పేరో తవుడు పేరో పెట్టి ముక్కు కుట్టించేవారు. మంచి గుడ్డ కట్టరు, నలుగురిలో ముద్దు చెయ్యరు. పిల్లల్ని తీసుకుపోయేది ఏదైతే ఉందో, అది వచ్చి చూసి, ఇది తవుడు పాటి చెయ్యదు అనుకుని దాటిపోవాలని. మా పల్లెలో అలాంటి పేర్లవాళ్లు ఇంటికి ఒకరుండేవారు.

నాకు మూడోసారి నెలలు నిండుతుంటే మా అత్త ఆ ఊసు ఎత్తింది. ఆవిడ నమ్ముకోలేదు. మా ఆయన తల వంచుకుని, ‘వద్దమ్మా’ అన్నారు. పాత తంతులు చేసినవాళ్లని సంఘంలో ప్రభువు బల్ల దగ్గరికి రానిచ్చేవారు కాదు. ఆ బల్ల మా ఆయనకి ఎంతటిదో నాకు తెలుసు. కామందు గారి అరుగు కింద నిలబడి, చాపిన దోసిట్లోకి పైనుంచి నీళ్లు పోయించుకు తాగే మనిషి, అక్కడ అందరి పక్కనా కూర్చుని ఒకే రొట్టె తుంచుకుని తినేవారు. అది పోతే ఆయనకి మిగిలేది ఏమీ లేదు. మా అత్తకి చూస్తే వంశంలో ఒక్క పసిగుడ్డయినా నిలవాలి. మధ్యలో నేను, నాకు ఏదీ గట్టిగా అనిపించదు.

కోతలయ్యి కుప్పలు వేసిన రోజులవి. ఆదివారం మధ్యాహ్నం ప్రార్థన పాకలో ఉపదేశి గారు ప్రభువు పుట్టిన కథ చెబుతున్నారు. మా అత్త లోపలికి రాదు గానీ కథలంటే చెవి కోసుకుంటుంది. చూరు కింద కూర్చుని కొబ్బరిపీచు లాగుతూ వింటోంది. ఆ తల్లి బిడ్డని కని, పశువులకి గడ్డి వేసే గాడిలో పడుకోబెట్టిందని ఆయన చెప్పగానే, అత్త చేతిలో పీచు ఆగింది.

‘గాడిలోనాండి?’ అంది బయటినుంచే.

‘ఆయ్, గాడిలోనేనమ్మా.’

‘ఆవిడికి ముందు పిల్లలు పోయేరేటండి?’

‘లేదమ్మా. తొలిచూలు.’

‘తొలిచూలికే అంత జాగర్త పడిందంటే తెలివైందండి ఆవిడ. నా కోడలికి చెప్పండి ఆ మాట. మీ దేవుడి తల్లే చేసిందంటే నేను చేస్తే తప్పేటి?’

లోపలున్నవాళ్లు నవ్వారు. ఉపదేశి గారు కూడా నవ్వి, ‘సత్రంలో చోటు లేక అలా పెట్టిందమ్మా, దిష్టికి కాదు’ అన్నారు.

‘మీరు మగోళ్లండి. చోటు లేదని ఆవిడ మీకు చెప్పుంటది. సరేనండి, పిల్లోడు నిలిచేడా లేదా?’

నిలిచాడని చెప్పకుండా ఆయనకి తప్పలేదు. ఆ దేశపు రాజు పసిపిల్లల్ని వెతికించి చంపించాడనీ, ముందుగా కలలో దేవదూత చెబితే తండ్రి ఈ బిడ్డని తీసుకుని వేరే దేశం పారిపోయాడనీ, అందుకని దక్కాడనీ చెప్పారు. మా అత్త తొడ మీద చరుచుకుంది. ‘చూసేరా? గాడిలో పెట్టబట్టే.’

నేను గోడకి ఆనుకుని కూర్చున్నాను, నడుం నొప్పిగా ఉంది. నా నోరు దానంతట అదే అడిగింది. ‘ఆ ఊళ్లో మిగతా తల్లులకి కల రాలేదాండి?’

ఎవరూ నవ్వలేదు. ఉపదేశి గారు పుస్తకం వంక చూశారు. ‘రాలేదమ్మా’ అన్నారు.

‘ఎందుకండి?’

‘నాకు తెలీదమ్మా. దొరగారి దగ్గరికి వెళ్లినప్పుడు అడుగుతాను.’

మాకు బాప్తిస్మాలిచ్చే తెల్ల దొరగారుండే ఊరికి రెండు రేవులు దాటి పోవాలి. ఉపదేశి గారు నిజంగానే అడిగి, తిరిగి వచ్చిన రోజునే మా ఇంటికి వచ్చారు. నేను దంచుతున్నాను. పని ఆపవద్దని ఆయనే అని, రోలుకి ఇవతల పీట మీద కూర్చున్నారు.

‘చావుని దేవుడు తేలేదమ్మా, మనిషి పాపంతో వచ్చింది. ఆ పిల్లల్ని చంపించింది రాజు. దేవుడు మనిషి చేతులు కట్టెయ్యలేదు, కట్టేస్తే మనిషి మంచీ చెయ్యలేడు. ఆఖర్ని అన్నీ ఆయనే సరిచేస్తాడు, కన్నీళ్లు కూడా ఆయనే తుడుస్తాడు. అలా చెప్పేరు దొరగారు.’

మాటలు మంచివే. గడ్డివాము మీద పడ్డ వాన లోపలికి దిగకుండా జారిపోయినట్టు జారిపోయాయి. ‘మా ఇంటికి ఏ రాజూ రాలేదు కదండి’ అన్నాను. ‘మా పిల్లకి వచ్చింది భేదులు.’

‘ఆయ్. అదీ అడిగేను.’

‘ఏమన్నారండి?’

‘పుస్తకం మూసేసేరమ్మా. తరవాత ప్రార్థన చేద్దాం అన్నారు.’

నేను రోకలి పక్కన పెట్టాను. ‘ఒక మాటండి. మా అత్త దాచమంటోంది ఏదో చెడ్డదాని కంట పడకుండాను. మీరేమో ఇచ్చిందీ ఆయనే, తీసుకున్నదీ ఆయనే అంటారు. ఇచ్చినాయనకి ఆ పిల్ల ఖరీదు తెలీదాండి? తవుడు అంటే నమ్ముతాడా?’

‘నమ్మడమ్మా.’

‘మరి నేను ఎవరి కంట పడకుండా దాచాలి? కోపిష్టిదైతే కాళ్లు పట్టుకోవచ్చు. మంచోణ్ణి ఏమని బతిమాలుకుంటామండి?’

ఆయన తన ముక్కు పక్కన వేలు పెట్టి చూపించారు. పూడిపోయిన కన్నం ఉంది. అన్నాళ్లూ ఆయన్ని చూస్తున్నాను, ఎప్పుడూ గమనించలేదు.

‘నా ఇప్పటి పేరు బాప్తిస్మం నాడు పెట్టింది. పాత పేరు పెంట పేరేనమ్మా. నన్ను వేసేరు, నేను బతికేను. నా తరవాత ఇద్దర్ని వేసేరు. అదే పెంట, అదే చేట, ఎత్తుకున్నదీ ఆ ముసలమ్మే. వాళ్లు బతకలేదు. మా అమ్మ పోయేదాకా నన్ను పగటిపూట ఒళ్లో పెట్టుకుని ఎరగదు. ఎవరైనా చూస్తారని.’ ఆయన లేచి పంచె దులుపుకున్నారు. ‘గాడిలో పిల్లోడు ఆ రోజు తప్పించుకున్నాడమ్మా. పెద్దయ్యేక తప్పించుకోలేదు. తల్లి చూస్తుండగానే మేకులు కొట్టేరు. దేవుడు తన కొడుకుని ఎక్కడా దాచుకోలేదు. నాకు తెలిసింది అంతే. ఎందుకూ అంటే నా దగ్గర లేదు.’

ఆ మాటతో నాకు గుండె నిబ్బరం వచ్చిందని రాస్తే అబద్ధం అవుతుంది. రోకలి తీసుకుని మిగిలిన వడ్లు దంచాను. కానీ అంతకు ముందు నాతో మాట్లాడినవాళ్లందరూ ఏదో ఒకటి తెలిసినట్టు మాట్లాడారు. ఈయన ఒక్కరే తెలియదని చెప్పి వెళ్లారు.

ఆడపిల్ల పుట్టింది. అది బతికింది. ఈ సంగతి ఇక్కడే చెప్పేస్తున్నాను, లేకపోతే మీరు నా మాట వినకుండా పిల్ల ఏమవుతుందో అని కాచుకుని ఉంటారు. దాని తరవాత పుట్టినవాడు బతకలేదు. అందుకని, అది బతికింది కాబట్టి నేను చేసింది మంచిదయిందని ఎవరూ అనుకోవద్దు.

పురుడు వెళ్లిన నాడు మా అత్త చేట కడిగి ఆరబెట్టింది, మూకుడు నిండా తవుడు పోసి గుమ్మంలో పెట్టింది. పక్కింటామెకి ముందే చెప్పి ఉంచింది. ఆవిడ తన దొడ్లో నిలబడి మా పెంటకుప్ప వైపు చూస్తోంది. మా ఆయన పనికి వెళ్తూ గుమ్మంలో ఆగారు. చెయ్యమనలేదు, వద్దనలేదు. ‘నువ్వు ఎలా చేస్తే అలాగే’ అని నాతో అని, తలపాగా చుట్టుకుని వెళ్లిపోయారు. బల్ల పోతే పోనీ అని నాకు వదిలేశారని అర్థమయింది.

‘ఇలా తే పిల్లని. ఎండెక్కుతోంది’ అంది అత్త.

‘వద్దత్తా.’

‘వద్దేటే? ఇద్దర్ని పోగొట్టుకున్నా బుద్ధి రాలేదా? పెద్దోణ్ణి ఏం చేసేవు నువ్వు? కాటుకెట్టి, మొలతాడుకి మువ్వలు కట్టి పల్లంతా తిప్పి చూపించేవు. చూసినోళ్లందరూ ముద్దులాడేరు.’

‘అయితే ముద్దు చేసినందుకు పోయాడా వాడు?’

అత్త తవుడు మూకుడు ఇవతలికి జరిపింది.

‘నేను ముద్దు చెయ్యకపోతే బతికుండేవాడా అత్తా? చెప్పు.’

‘నేనలా అన్లేదే.’

‘దీన్ని పెంట మీద పెడితే అలా అన్నట్టే.’

ఆ మాట నోటినుంచి వచ్చేదాకా నాకు కూడా అది తెలియదు. ఇది పనికిరాని పిల్ల అని చెప్పి బతికించుకుంటే, వాళ్లిద్దరూ నాకు ముద్దయినందువల్ల చచ్చిపోయారని ఒప్పుకున్నట్టు. ఎందుకు పోయారో తెలియకుండా బతకడం నాకు అలవాటైంది. నా ప్రేమ తగిలి పోయారనుకుని బతకలేను.

‘ఆ మువ్వలు కట్టింది నేనే కదే’ అంది అత్త. చేట పక్కన కూలబడింది. చేట బోర్లించి, ‘దీనికేమన్నా అయితే నన్ననకు’ అంది.

‘ఎవర్నీ అనను.’

పక్కింటామె ఇంకా నిలబడే ఉంది. అత్త లేచి, ‘నువ్వెళ్లి వంట చేసుకో’ అని కసురుకుంది.

ఆ వచ్చే ఆదివారం పేరు పెట్టి ప్రార్థన చేయడానికి ఉపదేశి గారు వచ్చారు. మొదలుపెట్టే ముందు నేను ఒకటి అడిగాను. పోయిన ఇద్దరి పేర్లూ ముందు చెప్పి, తరవాత దీని పేరు చెప్పమన్నాను.

‘పోయినవాళ్ల కోసం ప్రార్థన చెయ్యకూడదమ్మా’ అన్నారు ఆయన.

‘చెయ్యొద్దండి. పేర్లు చెప్పండి చాలు. ఆయన ఇచ్చినవాళ్లే కదా.’

ఆయన మా ఆయన వైపు చూశారు. మా ఆయన తల వంచుకునే ఉన్నారు. ఉపదేశి గారు కళ్లు మూసుకుని, పెద్దవాడి పేరు, చిన్నదాని పేరు, ఆ తరవాత దీని పేరు వరసగా, గట్టిగా చెప్పారు. పిల్లలు పోయాక మా ఇంట్లో ఆ పేర్లు ఎవరూ పలకలేదు. మా ఆయన భుజాలు కదిలాయి. నాకు కళ్లు తడవలేదు. చెవులకి మాత్రం మూడు పేర్లూ విడివిడిగా వినబడ్డాయి.

అందరూ వెళ్లాక మా అత్త చూరు కిందినుంచి లేచి వచ్చింది.

‘ఇప్పుడు మీ దేవుడికి ముగ్గురి పేర్లూ తెలిసిపోయేయి’ అంది.

‘తెలియనీ అత్తా’ అన్నాను.

పిల్ల పాలకి ఏడుస్తోంది. ఎండ పడుతున్నా అరుగు మీదే, దారిన పోయేవాళ్లకి కనబడేలా కూర్చుని ఒళ్లోకి తీసుకున్నాను.