నా అలసటను నమ్మిన నర్సమ్మగారు

మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉండే నర్సమ్మగారు పోయారని మొన్న మంగళవారం పొద్దున్న వాళ్ళ చెల్లెలు ఫోన్ చేసి చెప్పారు. “అక్క ఇక లేదండీ కండక్టరుగారూ. మా ఊరొచ్చి నాలుగు రోజులే అయింది. టీ ఇద్దామని లేపితే లేవలేదు” అన్నారు. ఫోన్ పెట్టేశాక మా ఆవిడ “ఏమైందంట?” అని అడిగింది. “గుండె అంట” అన్నాను. నర్సమ్మగారికి గుండెజబ్బు ఉందని మా ఇద్దరిలో ఎవరికీ తెలియదు. నా ఒంట్లో సంగతులన్నీ ఆవిడకు తెలుసు. ఆవిడ ఒంట్లో సంగతి ఒక్కటీ నాకు తెలియదు. ఇది రాస్తున్న ఈ వేళకీ నా మనసు అక్కడే చిక్కుకుని ఉంది.

నేను తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు వెళ్ళే బస్సులో కండక్టరుని. నాలుగేళ్ళ కిందట వానాకాలంలో వారం రోజులు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గాని, దాని వెనకాల వచ్చిన నీరసం తగ్గలేదు. ఉంగుటూరు దాటేసరికి కాళ్ళు నిలిచేవి కావు. రాత్రంతా నిద్రపోయి లేచినా నిద్రపోనట్టే ఉండేది. దెందులూరు వెళ్ళే మనిషికి ఏలూరు టిక్కెట్టు కొట్టిచ్చి చివాట్లు తిన్నాను. ఏలూరులో డాక్టరుగారు రక్తం, షుగరు, థైరాయిడ్, గుండె అన్నీ చూసి “అన్నీ నార్మలేనండీ” అన్నారు. ఆ మాట విని ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. డిపోలో తోటివాళ్ళు నా ఎదురుగా ఏమీ అనకపోయినా, నేనటు తిరిగాక “ఒళ్ళు వంగడం లేదంతే” అనుకునేవారు. కొన్నాళ్ళకు నాకూ అదే అనుమానం పట్టుకుంది.

నర్సమ్మగారు మిషన్ ఆసుపత్రిలో చాలా ఏళ్ళు పనిచేసి, రిటైరయ్యాక మా వీధిలో ఒక్కరే ఉండేవారు. ఓ ఆదివారం చర్చికి వెళుతూ, మా అరుగు మీద బ్రష్షు చేత్తో పట్టుకుని కూలబడి ఉన్న నన్ను చూసి ఆగారు.

“ఏవండీ, పళ్ళు తోముకున్నాక అలసిపోయారా?”

“అవునండీ. చెబితే నవ్వుతారు.”

“నవ్వెందుకండీ? తేరుకోడానికి ఎంతసేపు పడుతోంది?”

అప్పటిదాకా ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. ఆవిడ నా పక్కన కూర్చుని, ఎప్పుడెప్పుడు ఎలా ఉంటుందో ఒక్కొక్కటే అడిగారు. ఆ వేళ చర్చికి ఆలస్యంగా వెళ్ళి ఉంటారు.

వారం తిరక్కుండా బస్టాండు దగ్గరి నెట్ సెంటరుకు వెళ్ళి, అక్కడి అమ్మాయి చేత వెతికించి, కాగితాలు ప్రింటు తీయించుకొచ్చారు. క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అనే పేరు మొదటిసారి ఆవిడ నోటే విన్నాను. ఆ కాగితాలు పట్టుకుని మళ్ళీ ఏలూరు వెళితే డాక్టరుగారు ఓపిగ్గా చదివి, “అదే కావచ్చండీ. దీనికి సూటిగా మందు లేదు” అన్నారు. మందు లేని జబ్బయినా పేరున్న జబ్బు అయినందుకు సంతోషించానంటే ఎవరు నమ్ముతారు?

“ఒంట్లో కణాలు పనిచేసేటప్పుడు పొగలాంటిది పుడుతుందండీ. దాన్ని ఎప్పటికప్పుడు తుడిచేసేవి యాంటీ ఆక్సిడెంట్లు. మీలాంటివాళ్ళలో ఆ తుడుపు సరిగా సాగడం లేదేమో అని ఈ కాగితాలు రాసినవాళ్ళు అంటున్నారు. వాళ్ళు ‘ఏమో’ అనే రాశారు, నేనూ ‘ఏమో’ అనే చెబుతున్నాను” అన్నారు నర్సమ్మగారు. డాక్టరుగారిని అడిగి రోజుకో విటమిన్ క్యాప్సూల్ మొదలుపెట్టించారు. మిగతాదంతా మా వంటింట్లోనే. మా ఆవిడ దగ్గర కూర్చుని జామకాయలు, ఉసిరికాయలు, మునగాకు పప్పు, సాయంత్రం గుప్పెడు వేరుశనగ గుళ్ళు అని చెప్పేవారు. చెల్లెలు కొల్లేరు నుంచి చేపలు పంపితే సగం మా ఇంటికి తెచ్చేవారు. జంగారెడ్డిగూడెం నుంచి మా బంధువొకాయన “నెల రోజుల్లో నయం” అని రాసున్న పొడి డబ్బా తెచ్చినప్పుడు ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “ఇంత గట్టిగా చెప్పేవాళ్ళంటే నాకు భయమండీ” అని పక్కన పెట్టేశారు.

మూడు నెలలకు కాస్త తేలికపడి, రోజుకు ఒక్క ట్రిప్పు తిరగసాగాను. ఓ రోజు ఒళ్ళు హాయిగా ఉందని ఒక ట్రిప్పుకు బదులు మూడు ట్రిప్పులు తిరిగాను. మర్నాటి నుంచి పన్నెండు రోజులు మంచం దిగలేదు. ఆవిడకు కోపం రావడం అప్పుడే చూశాను. “బాగున్న రోజే మీరు జాగ్రత్తగా ఉండాల్సిన రోజండీ. ఎన్నిసార్లు చెప్పాలి?” అని అరిచి, మా ఆవిడ ఇచ్చిన కాఫీ తాగకుండా వెళ్ళిపోయారు. మర్నాడు మళ్ళీ వచ్చారు, జామకాయలు పట్టుకుని.

ఆ తర్వాత ఏడాదికి ఓ పొరపాటు చేశాను, లేదా పొరపాటు కాదేమో. ఆవిడకు చెప్పకుండా క్యాప్సూల్స్ మానేశాను. రెండు నెలలు గడిచినా నీరసం ఏమీ ఎక్కువ కాలేదు. దాచలేక చెప్పేశాను. నొచ్చుకుంటారనుకున్నాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

“అయితే మీకు దేనివల్ల తగ్గిందంటారు? తిండి వల్లా? విశ్రాంతి వల్లా?”

“నాకు తెలీదండీ.”

“నాకూ తెలీదండీ. తెలియంది తెలీదనే అనుకుందాం. ఉసిరికాయ మాత్రం మానకండి.”

ఇప్పటికీ ఆ ప్రశ్నకు జవాబు లేదు. నేను పూర్తిగా నయమైనవాణ్ణి కాను. రోజుకు ఒక ట్రిప్పు తిరగగలను, అంతే. ఒకవేళ ఆవిడ పక్కన కూర్చుని అడగడం వల్లే తగ్గిందేమోనని ఒక్కోసారి అనిపిస్తుంది. ఆవిడకు ఆ మాట చెప్పుంటే, అలా అని రాసున్న కాగితం చూపించమనేవారు.

బుధవారం ఏలూరులో బస్సు దిగి, ఆటోలో కొల్లేరు పక్కనున్న వాళ్ళ ఊరు వెళ్ళాం. సమాధుల దొడ్డి ఊరి బయట, గట్టు దాటాక ఉంది. పెట్టె వెనక అందరితో పాటు నడిచాను గాని, సగం దారిలో ఓపిక అయిపోయి గట్టు మీదే కూర్చుండిపోయాను. పాటలు దూరమయ్యాయి. మా ఆవిడ వాళ్ళతో వెళ్ళింది. అన్నీ అయ్యాక తిరిగి వస్తూ చెల్లెలుగారు నా దగ్గర ఆగారు.

“ఇలా గట్టు దాకా వచ్చి ఆగిపోయినందుకు ఏమీ అనుకోకండమ్మా” అన్నాను.

“అయ్యో, అదేమిటండీ! అక్క మీ గురించి చెబుతూనే ఉండేది. చర్చి నుంచి వచ్చేటప్పుడు దానికి ఊపిరి అందేది కాదంటండీ. మీ అరుగు మీద కాసేపు కూర్చుని ఇంటికెళ్ళేదంట.”

“మమ్మల్ని చూడ్డానికి వస్తున్నారనుకున్నాం.”

“చూడ్డానికీ వచ్చేదండీ. ‘మిగతావాళ్ళయితే ఏమైందని అడుగుతారు. కండక్టరుగారు అడగరు’ అనేది.”

అది మెచ్చుకోలో, నిష్ఠూరమో చెల్లెలుగారిని అడగలేకపోయాను. నన్ను ఎవరూ నమ్మలేదని ఏళ్ళ తరబడి బాధపడ్డవాణ్ణి, పక్కనే ఆయాసపడుతున్న మనిషిని చూడలేదు. అలా అడక్కుండా ఉండడమే ఆవిడకు కావలసి వచ్చిందేమో. రెండూ నిజమే కావచ్చు.

మా ఆవిడ వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను. ఎండ నీళ్ళ మీద మెరుస్తోంది. దూరంగా తుంగ మోపులతో ఒక దోనె ఉంది. దోనె తోసే గడ పైకి లాగి అడ్డంగా పెట్టుకుని మనిషి కూర్చుని ఉన్నాడు. చాలాసేపు చూశాను. దోనె ఇటు వస్తోందో, అటు పోతోందో తెలియలేదు.