క్లారినెట్ కీచుమన్న చోట

1999, మాఘమాసం పెళ్లిళ్ల రోజులు. అప్పట్లో నేను ఒక దినపత్రికకు మేడ్చల్, శామీర్‌పేట మండలాల కంట్రిబ్యూటర్‌ని. కంట్రిబ్యూటర్ అంటే ఆఫీసూ కుర్చీ లేని విలేకరి. మేడ్చల్ బస్టాండు ఎదురుగా ఒక జిరాక్స్ షాపులో బల్ల చివర కూర్చుని వార్తలు రాసేవాణ్ని. సాయంత్రం వాటిని కవర్లో పెట్టి సిటీకి పోయే బస్సు డ్రైవర్ చేతికిచ్చేవాణ్ని. అవతల వాటిని అందుకుని, దిద్ది, హెడ్డింగు పెట్టే వాళ్లను డెస్క్ అంటారు. రాసేది మేమే అయినా హెడ్డింగు వాళ్లది. అదెలా ఉందో తెల్లారి పేపరొస్తే గానీ మాకు తెలిసేది కాదు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

హైవే మీద ప్రమాదాలు, జవహర్‌నగర్ చెత్త వాసన మీద ధర్నాలు, గండిమైసమ్మ చౌరస్తాలో రాస్తారోకోలు... ఎన్ని రాశానో. చాలా మటుకు మరిచిపోయాను. ఈ మధ్య మా మనవరాలు కంప్యూటర్లో జపాన్ వాళ్ల బొమ్మల సీరియల్ చూస్తూ కళ్లు తుడుచుకుంటోంది. సంగీతం నేర్చుకునే పిల్లల కథట. వాళ్లలో ఒకరికి ఇంట్లో మనిషి పోయాక వాయిద్యం మీద చెయ్యి ఆడటం లేదట. "మళ్ల వాయిస్తరా తాతా?" అని నన్నడిగింది, ఆ సీరియల్ నేనే రాసినట్టు. నాకు రూతు గుర్తొచ్చింది.

రూతు వాళ్లది లాల్‌గడి మలక్‌పేట్. తండ్రి దేవదానం క్లారినెట్ వాయించేవాడు. చుట్టుపక్కల ఊళ్లకు బ్యాండు దేవదానం అంటే చాలు. పెళ్లి ఊరేగింపు, వినాయకుడి నిమజ్జనం, కొత్త లేఔట్ ప్రారంభం, ఆఖరికి శవయాత్ర, దేనికైనా ఆయన మేళమే. మేళంలో మిగతా వాళ్లంతా ఇరవై ఏళ్లకు అటూ ఇటూగా ఉన్న కుర్రాళ్లు. కొడుకు జాన్ డ్రమ్ము కొట్టేవాడు. కూతురు రూతుకు అప్పటికి పద్దెనిమిదేళ్లు. తండ్రి దగ్గరే క్లారినెట్ నేర్చుకుంది గానీ రోడ్డు మీద ఎన్నడూ వాయించలేదు. ఆదివారాలు చర్చిలో పాటల వెనక వాయించేది.

దేవదానం మేళానికి ఒక పద్ధతి ఉండేది. అప్పగింతలప్పుడు డ్రమ్ములన్నీ ఆగిపోవాలి. పెళ్లికూతురు గడప దిగి కారెక్కే దాకా క్లారినెట్ ఒక్కటే మోగాలి. ఆ కాసేపటి కోసమే ఆయన్ను పిలిచేవాళ్లు ఉండేవారు. ఆ పద్ధతి మీద అంతకు ముందు ఎండాకాలంలో నేనొక బాక్స్ ఐటం రాశాను. పేజీలో చుట్టూ గీతలు కొట్టి, కాస్త ప్రత్యేకంగా వేసే చిన్న కథనాన్ని మేం అలా అంటాం. దాని కోసం ఆయన ఇంట్లో కూర్చుని, నా చిన్న టేప్‌రికార్డర్లో ఆయన మాటలూ పాటా ఎక్కించుకున్నాను.

ఆ ఎండాకాలం వెనకే వచ్చిన వానాకాలంలో పచ్చకామెర్లు ముదిరి దేవదానం పోయాడు. నేను ఆరేడు వాక్యాల వార్త పంపాను. మంచి కళాకారుడు, పెళ్లిళ్లలో పేరున్నవాడు, భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారు, అంతే. తెల్లారి చూస్తే హెడ్డింగు "అపస్వరం ఎరుగని క్లారినెట్ మూగబోయింది" అని ఉంది. చివర "పాతికేళ్లలో ఒక్క స్వరం తప్పలేదు" అని ఒక వాక్యం కూడా చేరింది. డెస్క్ వాళ్లు మనసు పెట్టి చేసిన పనే. పోయిన మనిషి మీద రెండు పూలు ఎక్కువ చల్లడం మా వృత్తిలో ఆనవాయితీ. జాన్ ఆ క్లిప్పింగుకు ప్లాస్టిక్ అతికించి గోడకు పెట్టుకున్నాడు.

ఇక మాఘమాసానికి వస్తాను. లాల్‌గడి మలక్‌పేట్‌లో పొలాలూ, ఈ మధ్య ప్లాట్లూ ఉన్న సత్తిరెడ్డి జిరాక్స్ షాపుకొచ్చి, పెళ్లికార్డు నా ముందు పెట్టాడు.

"మా స్వప్న పెండ్లి సార్. తప్పక రావాలె. ఇంకో ముచ్చట. దేవదానం మా బిడ్డ అప్పగింతలకు వాయిస్తనని మాటిచ్చిండు. ఆయన లేకపాయె. వేరే ఊరికెళ్లి మేళం తెస్త అంటే మా బిడ్డ ఒప్పుకుంట లేదు. రూతే వాయించాలె అంటాంది. ఇద్దరు ఒక్క బడిల సదువుకున్నరు."

"మరి వాయించమనరాదు?"

"అడిగినం సార్. ఆ పిల్ల పెట్టె మూతనే తెరుస్త లేదు. చర్చిల గూడ బందు వెట్టింది. మీరు పేపరోళ్లు, మీ మాట ఇంటదేమోనని వచ్చిన."

పేపరోళ్ల మాట వినే మనుషుల్ని నేను పెద్దగా చూడలేదు. అయినా ఆ సాయంత్రమే స్కూటర్ తీశాను.

ఊరి మొదట్లోనే జాన్ ఎదురయ్యాడు. అతని లెక్క వేరు. క్లారినెట్ లేని మేళాన్ని ఎవరూ పిలవడం లేదు. ముగ్గురు కుర్రాళ్లు మేడ్చల్ కంపెనీల్లో చేరతామని చూస్తున్నారు. "గీ పెండ్లి గూడ పాయెనంటె ఇగ మేళం లేదు సార్. డ్రమ్ము అటక మీద వెట్టుడే" అన్నాడు.

జాన్‌తో కలిసి ఇంటికెళ్లేసరికి రూతు బియ్యం ఏరుతోంది. వెనక గోడకు నల్లటి క్లారినెట్ పెట్టె, దాని మీద ఆ క్లిప్పింగు. నేను వచ్చిన పని చెప్పగానే చేటలోంచి తలెత్తకుండానే అంది.

"గది సదువుండ్రి సార్. మీ పేపరే గద."

చదివాను. నాకు కంఠతా వచ్చిన వాక్యమే.

"పాతికేండ్లల్ల ఒక్కటి తప్పలేదంట. నేను వాయిస్తె తప్పుతది. ఊరంత ఇంటది. బాపు పేరు నేను ఖరాబు చెయ్యాల్నా?"

"చర్చిల తప్పు వాయించినప్పుడు దేవుడే ఏమనకపాయె" అన్నాడు జాన్. "సత్తిరెడ్డి పటేల ఏమంటడు?"

"నువ్వు ఊకో అన్నా. నీ డ్రమ్ముకు తప్పేంది, ఒప్పేంది? కొడితె మోగుతది."

కోపంగానే చేట పక్కన పెట్టి, జరిగింది చెప్పింది. తండ్రి పోయిన వారానికి ఒకసారి పెట్టె తెరిచి ఊదబోయిందట. మొదటి ఊపిరికే శ్రుతి చెదిరింది. గోడ మీది అక్షరాలు తనవైపే చూస్తున్నట్టు అనిపించి మూసేసిందట. నేనేదో ధైర్యం చెప్పబోయి ఆగిపోయాను. అచ్చులో పడ్డ మాటకు నోటి మాట సరిపోదని నాకు తెలుసు.

తిరిగొస్తుంటే టేపు గుర్తొచ్చింది. మాలో చాలామందికి ఉన్న అలవాటే నాకూ ఉండేది. ఒకే క్యాసెట్‌ని పదే పదే వాడటం, ఒకరి మాటల మీద ఇంకొకరి మాటలు ఎక్కించడం. ఆ క్యాసెట్ మీద తర్వాత ఒక నాయకుడి ఉపన్యాసం ఎక్కించిన గుర్తు. ఇంటికెళ్లి అట్టపెట్టె దులిపాను. పాత బ్యాటరీలు తీసి కొత్తవి వేసి విన్నాను. ఉపన్యాసం అయిపోయాక చివర్లో దేవదానం కొంచెం మిగిలే ఉన్నాడు. అది విన్నాక మర్నాడు మధ్యాహ్నం దాకా ఆగడం కష్టమైంది.

మర్నాడు ఆదివారం. చర్చి విడిచాక టేప్‌రికార్డర్ పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. జాన్, మేళం కుర్రాళ్లు, వాళ్లమ్మ అందరూ ఉన్నారు. నొక్కాల్సిన చోటు కంటే కాస్త ముందు నొక్కినట్టున్నాను, నాయకుడు మొదలెట్టాడు. "మన మండలాన్ని సింగపూర్ జేస్త..."

"సింగపూర్ల బ్యాండు దొరుకుతదా సార్?" అన్నాడు ఒక కుర్రాడు. అందరూ నవ్వారు, రూతు తప్ప.

ఉపన్యాసం పుటుక్కున తెగింది. క్లారినెట్ వచ్చింది. అప్పగింతల వరసే. వాళ్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాట పైకి ఎక్కుతోంది, ఎక్కుతోంది, సరిగ్గా పైన నిలవాల్సిన చోట కీచుమంది. పిల్లి తోక తొక్కినట్టు. ఆ వెంటనే టేపులో ఒక ఆడపిల్ల పకపకా నవ్వింది.

రూతు తలెత్తింది. "గది... నేనే గద?"

ఆమే. ఆ రోజు నాకు టీ తెచ్చి గుమ్మంలో నిలబడింది. టేపులో దేవదానం కూడా నవ్వుతున్నాడు.

"నవ్వు బిడ్డా, నవ్వు. రీడ్ ఆరిపోయింది సార్, అందుకే గట్ల అరిసింది." రీడ్ అంటే క్లారినెట్ నోటి దగ్గరుండే పల్చటి చెక్క, తడిగా లేకపోతే అలా అరుస్తుంది. "ప్రతి పెండ్లిల ఏడనో ఒకకాడ తప్పుత సార్. తప్పితె తప్పింది. ఆగితెనే పరేషాను. పెండ్లిపిల్ల నడుస్తాంది గద, ఆమె ఆగుతదా? మనమెట్ల ఆగుతం?"

తర్వాత ఆయన మళ్లీ అందుకున్నాడు. తప్పిన చోటు నుంచి కాదు, దాని తర్వాత నుంచి. అక్కడ క్యాసెట్ అయిపోయింది.

"ఇంకోసారి వెట్టుండ్రి సార్" అంది రూతు. పెట్టాను. కీచుమన్న చోట ఈసారి ఆమె ఇప్పటి నవ్వూ అప్పటి నవ్వూ కలిసిపోయాయి. నవ్వుతూనే ఏడ్చింది. వాళ్లమ్మ లేచి గోడ మీది పెట్టె దించింది. నేను క్యాసెట్ అక్కడే వదిలేసి వచ్చాను.

పెళ్లి రోజు సత్తిరెడ్డి ఇంటి ముందు షామియానా. మేళం కుర్రాళ్లు ఎర్రకోట్లు వేసుకున్నారు. వాళ్ల మధ్య రూతు తండ్రి కోటు వేసుకుని, దాని చేతులు మోచేతుల దాకా మడిచి నిలబడింది. పెళ్లికొచ్చిన సత్తిరెడ్డి బావమరిది ఒకాయన నోరు ఊరుకోలేదు.

"ఆడివిల్లను మేళంల నిలవెట్టుడేంది బావా? నలుగురు నవ్వరా?"

"పొద్దుగాల నీ డాన్సు సూసి నవ్విండ్రు గద, గది సాలుతదిలే" అన్నాడు సత్తిరెడ్డి.

అప్పగింతల వేళయింది. జాన్ చెయ్యెత్తాడు, డ్రమ్ములు ఆగాయి. రూతు క్లారినెట్ పెదవుల దాకా తెచ్చింది. ఊదలేదు. అంతమంది ఒకేసారి తన వైపు తిరిగేసరికి ఆమె చూపు కిందకు దిగిపోయింది. స్వప్న గడప దగ్గర ఒక్క క్షణం చూసింది, తర్వాత తల్లి చెయ్యి పట్టుకుని మెట్టు దిగింది.

"రూతు" అన్నాడు జాన్ మెల్లగా, "స్వప్న నడుస్తాంది."

రూతు ఊదింది. మొదట సన్నగా, తర్వాత నిండుగా. తండ్రి టేపులో తప్పిన చోట ఆమె తప్పలేదు. ఇంకో చోట తప్పింది, అదే కీచు. జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె కళ్లు ఒకసారి మూసుకుని తెరుచుకున్నాయి గానీ ఊపిరి తెగలేదు, వేళ్లు ఆగలేదు. స్వప్న ఏడుస్తూనే వెనక్కి తిరిగి నవ్వింది. కారు తలుపు పడే దాకా క్లారినెట్ మోగుతూనే ఉంది.

మేళం నిలిచింది. కంపెనీకి పోతామన్న వాళ్లలో ఒక్కడే పోయాడు, వాడు కూడా పెళ్లిళ్లప్పుడు సెలవు పెట్టి వచ్చేవాడు. కొన్నేళ్లకు రూతు శామీర్‌పేట వైపు ఒక ప్రైవేటు బడిలో మ్యూజిక్ టీచరుగా చేరింది. పిల్లలకు మొదటి రోజే క్లారినెట్ ఇచ్చి "కీచుమనిపియ్యుండ్రి సూద్దాం" అంటుందని జాన్ చెప్పి నవ్వేవాడు.

దేవదానం పోయి ఏడాదైనప్పుడు చర్చిలో జ్ఞాపకార్థ కూటం పెట్టారు. ఆ వార్త రాస్తూ, ఆయన ప్రతి పెళ్లిలో ఎక్కడో ఒక చోట తప్పు వాయించేవాడనీ, ఎన్నడూ ఆగేవాడు కాదనీ రాసి పంపాను. డెస్క్ నుంచి జిరాక్స్ షాపుకు ఫోనొచ్చింది.

"పోయినాయన తప్పులు రాశారేంటండీ? ఇంట్లో వాళ్లు బాధపడరా?"

"ఆ మాట రాయమని చెప్పింది ఇంట్లో వాళ్లే" అన్నాను. తెల్లారి పేపర్లో వార్త ఉన్నదున్నట్టు వచ్చింది.

పోయిన మనిషిని ఎంత ఎత్తున నిలబెడితే అంత గౌరవమని మా వృత్తి నాకు నేర్పింది. ఆ ఎత్తు కింద నిలబడి బతకాల్సింది ఉన్నవాళ్లేనని రూతు నేర్పింది. అప్పటి నుంచి ఎవరు పోయినా, ఆ ఇంట్లో వాళ్లను ఆయన గురించి నవ్వొచ్చే సంగతి ఒకటి చెప్పమని అడిగేవాణ్ని. మొదట నా వైపు వింతగా చూసేవారు. తర్వాత ఎవరో ఒకరు మొదలుపెట్టేవారు, ఇల్లంతా అందుకునేది.

మనవరాలికి ఇదంతా చెప్పాను. "అయితె వాయిస్తదన్న మాట" అని సీరియల్ మళ్లీ నడిపించింది.